రాడ్డు వదిలిన ఎస్తేరమ్మ

ఎల్బీ నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా కోఠీకి పోయే సిటీ బస్సులో ఒక సీటు కండక్టరుదని తెల్లరంగుతో రాసి ఉంటుంది. ఆ సీటులో ఎస్తేరమ్మ కూర్చోగా చూసినవాళ్ళు తూర్పు హైదరాబాదులో లేరు. నిండు చూలాలు కూర్చుంది. మోకాళ్ళ నొప్పుల ముసలమ్మలు కూర్చున్నారు. ఒకసారి పెళ్ళివారి పనసకాయ కూడా కూర్చుంది. దానికి టికెట్ కొట్టాలా వద్దా అనే ధర్మసందేహం మలక్‌పేట దాకా నడిచింది. ఎస్తేరమ్మ మాత్రం నిలబడే ఉంది.

ఆమె భర్త కొమరయ్య లెక్కలో ఆమె ఉద్యోగం టికెట్లు కొట్టడం కాదు, నిలబడడం. టికెట్లు కొట్టడమనేది నిలబడినప్పుడు ఊరికే ఉండలేక చేసే పని. ఈ సంగతి అతనికి పెళ్ళికి ముందే తెలుసు. తెలిసే చేసుకున్నాడు.

అప్పట్లో కొమరయ్య గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో ఒక కమీషన్ ఏజెంటు దగ్గర మామిడి, బత్తాయి గంపలు చూసేవాడు. ఎల్బీ నగర్‌లో బస్సెక్కితే కొత్తపేటలో దిగాలి. కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక కండక్టరమ్మ చీర మీద ఖాకీ ఏప్రన్ వేసుకుని, కాగితం టికెట్లు చింపుతూ, బ్రేకు పడితే బస్సంతా ముందుకు తూలినా తాను మాత్రం గుంజలా నిలబడడం చూశాక, అతను మలక్‌పేటకు టికెట్ తీసుకోసాగాడు. అక్కడ దిగి మళ్ళీ వెనక్కి వచ్చేవాడు. కొన్నాళ్ళు చూసి ఆమె అడిగింది.

“రోజూ మలక్‌పేటల ఏం పనయ్యా నీకు? గుర్రప్పందేలా?”

“లేదు. పండ్ల మార్కెట్ల పని.”

“అది ఎనకనే పోయింది గదా.”

“తెల్సు,” అన్నాడు కొమరయ్య.

అతని జీవితంలో అది సుదీర్ఘమైన ప్రేమ సంభాషణ. మిగిలింది పాస్టరుగారు మాట్లాడారు. ఆరా తీస్తే ఇద్దరివీ చౌటుప్పల్ అవతల పక్కపక్క పల్లెలే. పెళ్ళయింది. ఆనాటి నుంచీ ఇంట్లో మాట్లాడే బాధ్యత ఎస్తేరమ్మ తీసుకుంది, వినే బాధ్యత కొమరయ్యకు దక్కింది. అధికార విభజన ఇంత స్పష్టంగా ఉన్న సంసారాల్లో గొడవలు రావు.

బస్సులో నిలబడేవాళ్ళకు కొన్ని అలవాట్లు ఇంటిదాకా వస్తాయి. ఎస్తేరమ్మకు వచ్చింది చెయ్యెత్తే అలవాటు. ఎక్కడ నిలబడ్డా ఆమె ఎడమ చెయ్యి దానంతటది లేచి, తల పైన రాడ్డు ఉండాల్సిన చోట వెతుక్కుంటుంది. వంటింట్లో కూర కలిపేటప్పుడు ఒక చేత గరిటె ఉంటే రెండో చెయ్యి పైన చెక్కగూటి అంచు పట్టుకుని ఉండేది. గూడు ఒకసారి ఊడి, చింతపండు డబ్బాతో సహా కిందికొచ్చింది. మర్నాడు కొమరయ్య ఇనుపపైపు ఒకటి తెచ్చి పొయ్యికి పైన గోడకు బిగించాడు. ఇదేమిటని చంపాపేట్‌లోని ఆ ఇంటి యజమానురాలు కోటేశ్వరమ్మగారు అడిగితే, తువ్వాళ్ళు ఆరేసుకోవడానికని చెప్పాడు. ఆ పైపు మీద ఇంతవరకూ ఒక్క తువ్వాలూ ఆరలేదు.

చర్చిలో సంగతి ఇంకా గొప్పది. పాట పాడేందుకు అందరూ లేచి నిలబడగానే ఎస్తేరమ్మ చెయ్యి పైకి లేచేది. పాస్టరుగారు దాన్ని ఆరాధనలో పరవశంగా గ్రహించి, “మన సహోదరి ఎస్తేరమ్మను చూడండి, ఎలాంటి ఆసక్తి” అని రెండుమూడు ప్రసంగాల్లో ఉదాహరించారు కూడా. ఆమెను చూసి ముందు వరుసవాళ్ళంతా చేతులెత్తడం నేర్చుకున్నారు. ఆ చెయ్యి వెతుకుతున్నది దేవుణ్ణి కాదు, రాడ్డునని కొమరయ్యకు తెలుసు. చెప్పలేదు. ఒక సంఘం మొత్తం భక్తిలో బలపడుతుంటే అడ్డుపడడానికి అతనెవరు?

ఇలా నిలబడి నిలబడి ఆమె ఉద్యోగంలో సీనియరయింది. కాగితం టికెట్లు పోయి మిషన్ వచ్చింది. పండ్ల మార్కెట్ ఊరి బయటికి తరలిపోతే కొమరయ్య అంతదూరం పోలేక చంపాపేట్ మెయిన్ రోడ్డు మీద సొంతంగా పండ్ల కొట్టు పెట్టుకున్నాడు. ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితమై జీరో టికెట్ వచ్చింది. దాంతో ఎస్తేరమ్మ బస్సులో గాలికి కూడా చోటు లేకుండా పోయింది. “జర ముంగటికి జరుగుండ్రి, ముంగట ఖాళీ ఉన్నది” అనే ఆమె మాటను నమ్మి ముందుకు జరిగినవాళ్ళకు ముందర ఏ ఖాళీ కనిపించేది కాదు. అయినా మర్నాడు మళ్ళీ నమ్మేవారు.

శ్రావణమాసం. శుక్రవారం. దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణాలన్నీ ఒక్కసారిగా బస్టాపులోకి ఖాళీ అయ్యాయి. మెట్టు మీద వేలాడుతున్నవాళ్ళను లోపలికి సర్దుదామని ఎస్తేరమ్మ కిందికి దిగింది. విరిగిన ఫుట్‌పాత్ రాయి అంచు మీద ఎడమకాలి వేళ్ళు ఆనాయి, మడమ గాలిలో ఉంది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఒక భారీ ఇల్లాలు, అంతకంటే భారీ సంచీతో, ఆ మడమ మీదికి దిగింది. వేళ్ళు రాయిని వదల్లేదు, మడమ పైనుంచి బరువు ఆగలేదు. మధ్యలో ఉన్న పాదం ఎటు పోవాలో తోచక మధ్యలోనే మడతపడింది.

ఆ ఇల్లాలు మంచిది. చాలా బాధపడి సంచీలోంచి ఒక జాకెట్టు ముక్క తీసి ఇవ్వబోయింది. ఎస్తేరమ్మ వద్దని, విజిలేసి, కుంటుతూనే ఆ ట్రిప్పు ముగించింది. ఇంటికొచ్చాక చెప్పు ఊడిరాలేదు. కొమరయ్య పండ్లు కోసే కత్తితో చెప్పు పట్టీ కోసి తీయాల్సి వచ్చింది.

వైద్యం వెంటనే మొదలైంది, అన్ని దిక్కులనుంచీ. కోటేశ్వరమ్మగారు ఉప్పు, చింతపండు ఉడికించి పట్టు వేశారు. ఆమెది గుంటూరు వైపు. అక్కడ మోకాలికైనా మనసుకైనా చింతపండేనట. ఎదురింటివాళ్ళు పుత్తూరు కట్టు కట్టించమన్నారు. చివరికి కొమరయ్య వీధి మొదట్లోని చిన్న క్లినిక్‌కు తీసుకుపోయాడు. అక్కడ బల్లమీద పడుకోబెట్టి పాదానికి ఎక్స్‌రే తీశారు. ఎముకలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఏమీ విరగలేదు, బెణుకంతే, వారం రోజులు కాలు పైకి పెట్టుకుని ఉండమన్నారు.

కాలు పైకి పెట్టుకుని ఉండడం ఎస్తేరమ్మ వంశంలో లేదు. ఆ వారమంతా ఆమె మంచం పట్టె పట్టుకుని, గోడ పట్టుకుని, పొయ్యి మీది పైపు పట్టుకుని ఇల్లంతా తిరిగింది. వాపు కొంత తగ్గింది. డ్యూటీకి పోతానంది. కొమరయ్య ఊఁ కొట్టాడు. ఆ సాయంత్రం ఉప్పునీళ్ళ బేసిన్‌లోంచి ఆమె పాదం ఎత్తి తువ్వాలుతో తుడుస్తూ అరికాలు తిప్పి చూశాడు.

అరికాలి నడిమధ్యన నీలంగా ఒక మచ్చ కమిలి ఉంది.

కొమరయ్యకు వైద్యం తెలియదు. కానీ జీవితమంతా పండ్ల మధ్య బతికాడు. మామిడిపండు పైన నిగనిగలాడుతూ, కింద తొడిమకు దూరంగా ఇలాంటి మచ్చ చూపిందంటే దాని సంగతి లోపల వేరే ఉందని అర్థం. ఆ పండు అతను పక్కన పెడతాడు. భార్యను పక్కన పెట్టే వీల్లేదు గనక మర్నాడు ఆటోలో ఎక్కించి ఎల్బీ నగర్‌లో ఎముకల దవాఖానకు తీసుకుపోయాడు. ఎస్తేరమ్మ ఒప్పుకున్నది ఒకే షరతు మీద. అక్కడ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ రాయించుకుని, అటునుంచటే డిపోకు పోవాలి.

డాక్టర్ తన్మయి చిన్న వయసు పిల్ల. కాకినాడ వైపు మాట. ఆమె పాత ఎక్స్‌రే చూసింది, పాదం పైభాగం నొక్కింది. అంతవరకూ మామూలుగానే ఉంది. అరికాలు చూడగానే కుర్చీ ముందుకు జరుపుకుంది.

“ఈ ఎక్స్‌రే పడుకోబెట్టి తీశారు కదండీ. బరువు పడనప్పుడు ఎముకలు బుద్ధిగానే ఉంటాయి. పాదం మధ్యలో ఎముకల్ని కట్టి ఉంచే నరంలాంటి పట్టీ ఒకటుంటుంది. అది తెగితే, నించున్నప్పుడే ఎముకలు విడిపోయి కనిపిస్తాయి. అరికాల్లో ఈ మచ్చ నాకేం నచ్చలేదు. ఇవాళ రెండు పాదాలకీ నించోబెట్టి తీద్దాం. రెండోది బాగున్న కాలు కాబట్టి దాంతో పోల్చి చూసుకోవచ్చు.”

“తెగి ఉంటే?” అన్నాడు కొమరయ్య.

“తెగి ఉండి, మనం వదిలేస్తే పాదం వంపు మెల్లగా కుంగిపోతుందండీ. తర్వాత నించోవడమే కష్టమవుతుంది.”

ఎస్తేరమ్మ నవ్వింది. నిలబడడం గురించి తనకొకరు చెప్పాలా అన్న నవ్వు. కొమరయ్య నవ్వలేదు. గంపలో పైవరుస పండు ఏ మచ్చా చూపదు. బరువు మీద పడ్డ అడుగువరుస పండే అసలు సంగతి చెబుతుంది. డాక్టరమ్మ చెప్పింది అతనికి పూర్తిగా అర్థమైంది.

ఎక్స్‌రే గది పట్టాభిగారిది. భీమవరం మనిషి, రిటైర్మెంటుకు దగ్గర పడ్డవాడు, నిదానస్తుడు. ఛాతీకి తీసినా పాదానికి తీసినా “ఊపిరి బిగపట్టండి” అనడం ఆయన అలవాటు. పాదానికీ ఊపిరికీ సంబంధమేమిటని ఇంతవరకూ ఏ రోగీ అడగలేదు. అందరూ బిగపట్టారు. ఆయన ఎస్తేరమ్మను చిన్న చెక్కమెట్టు మీద నిలబెట్టి, తూలకుండా కావాలంటే కొంచెం ఆసరా తీసుకోమని చెప్పి, అద్దం వెనక్కి వెళ్ళారు.

ఆ మెట్టు పక్కనే ఛాతీ ఎక్స్‌రేల స్టాండు ఉంది. పక్కనుంచి తీసేటప్పుడు రోగులు చేతులు పైకెత్తి పట్టుకోవడానికి దానికి తల ఎత్తున ఒక ఇనుప కమ్మీ ఉంటుంది. తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. బయట బెంచీ మీద కూర్చున్న కొమరయ్య ఆ సందులోంచి చూశాడు. భార్య ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేచింది, కమ్మీని వెతుక్కుంది, పట్టుకుంది. ఆమె ముఖంలో చాలా రోజుల తర్వాత ఇల్లు చేరిన ప్రశాంతత కనిపించింది. తలుపు మూసుకుంది.

ఫోటో శుభ్రంగా వచ్చింది. డాక్టర్ తన్మయి కంప్యూటరు తెరమీద రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి, పెద్దవి చేసి, చిన్నవి చేసి చూసింది. రెండూ ఒకేలా ఉన్నాయి. ఆమె ఎస్తేరమ్మ అరికాలివైపు మళ్ళీ చూసింది. తెరవైపు చూసింది.

“ఫిలిం బానే ఉందండీ. కానీ నాకింకా అనుమానంగానే ఉంది. స్కాన్ ఒకటి రాస్తాను, తీయించుకురండి.”

“ఫోటో మంచిగుంది గదా మేడమ్,” అంది ఎస్తేరమ్మ. “మంచిగున్నదానికి మల్ల స్కాన్ ఎందుకు? సర్టిఫికెట్ రాయుండ్రి. నొప్పి లేస్తే నేనే ఒస్త.”

రాదు. ఆమె ఎన్నటికీ రాదని ఆ గదిలో ఒక్క కొమరయ్యకే తెలుసు. జ్వరమొస్తే మాత్ర బస్సులో వేసుకునే మనిషి. రేపు పొద్దున ఆ మెట్లెక్కుతుంది. పై రాడ్డు పట్టుకుంటుంది. కింద పాదం రోజుకింత కుంగుతుంటే పైన “ముంగటికి జరుగుండ్రి” అంటూనే ఉంటుంది. ఒకనాడు రాడ్డు పట్టుకున్నా నిలబడలేని రోజు వస్తుంది.

ఇప్పుడు చెబితే ఫోటో మంచిగుందన్న ఆమె మొహంలోని వెలుగు ఆరిపోతుంది. కొన్ని నెలలు బస్సు లేదు, బహుశా కాలికి డాక్టరు కత్తి కూడా పడుతుంది. పైగా ఆమె మాటకు ఎదురుచెప్పడమనే పని అతను పెళ్ళయినప్పటి నుంచీ చేసి ఎరగడు. ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు. డాక్టరమ్మ కలం తీసింది. కొమరయ్య లేచి నిలబడ్డాడు.

“మేడమ్. ఆమె నిలబడలే.”

ఎస్తేరమ్మ తిరిగి చూసింది. బస్సులో పనసకాయ మాట్లాడి ఉంటే కూడా ఆమె అంత విస్తుపోయేది కాదు.

“నిలబడలేదా?” అంది డాక్టరు.

“నిలబడ్డది. కాళ్ళ మీద కాదు, చెయ్యి మీద. అండ్ల పైన కమ్మీ ఉన్నది. ఆమె దాన్ని ఊకె పట్టుకున్నట్టే కనవడ్తది. గనీ చైతన్యపురిల బస్సు బ్రేక్ ఏస్తే మొత్తం మనిషిని ఆపే చెయ్యి అది. బరువంత దాని మీదనే ఉన్నది.”

“ఏందయ్యా నీ లొల్లి?” అంది ఎస్తేరమ్మ. “నేను యాడ పట్టుకున్న? ఊకెనే అట్ల ఆన్చిన.”

“ఊకెనే ఆన్చినవు గనకనే గూడు ఊడి చింతపండు మీద పడ్డది.”

డాక్టర్ తన్మయికి గూడు సంగతి, చింతపండు సంగతి తెలియవు. కానీ చెయ్యి సంగతి ఒక్క క్షణంలో తెలిసింది. పట్టాభిగారిని పిలిచి, ఈసారి ఏ ఆసరా లేకుండా తీయమంది.

అది అనుకున్నంత తేలిక కాలేదు. స్టాండును గోడవైపు నెట్టేశారు. ఎస్తేరమ్మ మెట్టెక్కింది. పట్టుకోవడానికి ఏమీ లేకపోయేసరికి ఆమె చెయ్యి గాల్లో కాసేపు తిరిగి, బిక్కుబిక్కుమంటూ కిందికి దిగింది. అది దిగగానే ఒళ్ళంతా కుడికాలి మీదికి ఒరిగింది, చెరువులో కొంగ లాగా.

“అమ్మా, రెండు కాళ్ళ మీదా సమానంగా నించోవాలి,” అన్నారు పట్టాభిగారు.

“సమానంగనే ఉన్న సార్.”

ఆమె అబద్ధం చెప్పడం లేదు. దెబ్బ తగిలిన కాలు తన బరువును తానే, యజమానురాలికి తెలియకుండా, పక్కకాలికి బదిలీ చేసేసింది. సమానంగా ఉన్నానని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. పట్టాభిగారు మూడుసార్లు సర్ది, మూడుసార్లు అద్దం వెనక్కి వెళ్ళి, మూడుసార్లు తిరిగొచ్చారు. ఆఖరికి తలుపు తెరిచి కొమరయ్యను చూసి, నిస్పృహగా అడిగారు.

“ఈవిడ బస్సులో రాడ్డు పట్టుకోకుండా ఎప్పుడన్నా నించుంటారాండీ?”

కొమరయ్య ఆలోచించాడు. నించుంటుంది. రెండు చేతులూ పనిలో ఉన్నప్పుడు నించుంటుంది. అతను మలక్‌పేట టికెట్లు కొనే రోజుల్లో, ఎడమ చేతిలో టికెట్ల కట్ట, కుడిచేతిలో పెన్ను పట్టుకుని, కాళ్ళు రెండూ ఎడంగా పాతుకుని ఆమె ఎలా నిలబడేదో అతని కళ్ళముందే ఉంది. అసలు పెళ్ళి చేసుకున్నదే ఆ నిలబడడాన్ని చూసి.

గదిలో ఉండాలంటే ఎక్స్‌రే కిరణాలు తగలకుండా సీసం కోటు వేసుకోవాలన్నారు పట్టాభిగారు. మెడనుంచి మోకాళ్ళ దాకా వేలాడే ఆ బరువైన కోటు తొడుక్కుని కొమరయ్య లోపలికి నడిచాడు. అచ్చం పట్టాభిషేకానికి వెళుతున్న బిషప్‌గారి లాగా ఉన్నాడు. బల్లమీదున్న టోకెన్ చీటీల కట్ట ఒకటి తీసి భార్య ఎడమ చేతిలో పెట్టాడు. పట్టాభిగారి జేబులోంచి పెన్ను అడిగి తీసుకుని కుడిచేతిలో పెట్టాడు. పట్టాభిగారు చూపించిన మూలకు పోయి నిలబడ్డాడు.

“మలక్‌పేట ఒకటి,” అన్నాడు.

ఎస్తేరమ్మ అతనివైపు చూసింది. కోపంగానే చూసింది. కానీ చేతిలో కట్ట ఉంది, ఎదుట ప్యాసింజరున్నాడు. బొటనవేలు దానంతటది కాగితం అంచు మీదికి పోయింది.

“యాడ ఎక్కినవు?”

“ఎల్బీ నగర్.”

కాళ్ళు రెండూ ఎడంగా జరిగాయి. నడుము నిటారయింది. కుడికాలి మీద దాక్కున్న బరువు మెల్లగా, సగానికి సగం, ఎడమకాలి మీదికి దిగింది. నొప్పి ఆమె ముఖం మీదికి పాకి వచ్చింది. కానీ టికెట్ సగం చింపి ఆగిపోయే కండక్టరు కాదు ఆమె. పెదవి కొరుక్కుని, గీత గీసి, చీటీ చింపింది.

“ఊపిరి బిగపట్టండి,” అన్నారు పట్టాభిగారు అద్దం వెనకనుంచి.

ముగ్గురూ బిగపట్టారు.

ఈసారి తెరమీద రెండు పాదాలూ ఒకేలా లేవు. కుడిపాదంలో ఎముకలు ఆఫీసు వేళ సీటులో కూర్చున్నవాళ్ళ లాగా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. ఎడమపాదంలో బొటనవేలి ఎముకకూ, దాని పక్క ఎముకకూ మొదట్లో నల్లగా ఒక సందు. డాక్టర్ తన్మయి అక్కడ వేలు పెట్టి చూపింది. పట్టీ తెగింది. ఆపరేషన్ చేసి ఎముకల్ని దగ్గరికి లాగి స్క్రూలు బిగించాలి. తర్వాత చాలా వారాలు ఆ కాలు నేలకు ఆనకూడదు. ఇప్పుడు దొరికింది గనక మళ్ళీ బస్సెక్కే అవకాశం బాగా ఉందని కూడా చెప్పింది.

ఎస్తేరమ్మ చాలాసేపు తెరవైపే చూసింది. సర్టిఫికెట్ మాట ఎత్తలేదు.

“గంత జాగ ఇడిసిపెట్టి నిలబడ్డయేంది ఇవి,” అంది చివరికి. “జర దగ్గరికి జరగమనుండ్రి మేడమ్.”

“అదేనండీ నేను చేసేది,” అంది డాక్టరు.

ఆటోలో ఎస్తేరమ్మ మాట్లాడలేదు. ఆమె మాట్లాడకపోవడం కొమరయ్యకు కొత్త. కర్మన్‌ఘాట్ మలుపు దాటాక మొదలుపెట్టింది.

“ఇన్నేండ్లకు నోరు లేసింది నీకు. లేసి లేసి నా డ్యూటీనే తిన్నది.”

“తిననీ.”

“గా డాక్టర్ పోరి సంతకం పెడ్తుండె. కలం గూడ తీసింది.”

“చూసిన.”

“చూసి గూడ చెప్పినవు.”

ఆ రోజుకు కొమరయ్య దగ్గరున్న మాటలన్నీ అయిపోయాయి. ఆటో గుంటలో పడి ఎగిరింది. ఎస్తేరమ్మ ఎడమ చెయ్యి అలవాటుగా పైకి లేచింది. ఆటోకు పైన రాడ్డు లేదు. ఆ చెయ్యి కాసేపు తచ్చాడి, దిగివచ్చి కొమరయ్య భుజం పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

ఆపరేషన్ బాగా జరిగింది. తర్వాతి నెలలు ఎస్తేరమ్మ జీవితంలో కూర్చున్న కాలంగా చరిత్రకెక్కాయి. మంచం మీదనుంచే ఆమె ఇంటిని నడిపింది. కొమరయ్య కూర కలుపుతుంటే “జర ముంగటికి జరుగు, పోపు మాడుతున్నది” అనేది. అతను జరిగేవాడు. వంటింట్లో కూడా ముందర ఏ ఖాళీ ఉండేది కాదు. చర్చివాళ్ళు వచ్చి ప్రార్థన చేశారు. సహోదరి చెయ్యెత్తకపోవడంతో ఆరాధనలో ఊపు తగ్గిందని పాస్టరుగారు వాపోయారు. కోటేశ్వరమ్మగారు చింతపండు పట్టు ఇంకో రెండు రోజులు వేసి ఉంటే కత్తి దాకా వచ్చేది కాదని ఇప్పటికీ అంటారు.

కాలు నేలమీద పెట్టొచ్చన్నాక మొదట వాకర్‌తో, తర్వాత కర్రతో, తర్వాత కొమరయ్య భుజంతో నడిచింది. చివరి పరీక్షకు మళ్ళీ అదే గది, అదే చెక్కమెట్టు. పట్టాభిగారు ఆమెను చూడగానే లేచి స్టాండును గోడకు నెట్టేశారు, జేబులోంచి పెన్ను తీసి సిద్ధంగా పట్టుకున్నారు.

“అక్కర్లే సార్,” అంది ఎస్తేరమ్మ. చేతులు రెండూ ఒంటికి ఆన్చుకుని, రెండు కాళ్ళ మీదా నిలబడింది. తలుపు సందులోంచి కొమరయ్య చూశాడు. చెయ్యి ఒక్కసారి కదిలింది. లేవబోయి, ఆగి, కిందికి దిగింది.

ఎముకలు దగ్గరదగ్గరగా, బుద్ధిగా ఉన్నాయి. మధ్యలో స్క్రూలు తెల్లగా మెరిశాయి. డాక్టర్ తన్మయి సర్టిఫికెట్ రాసి ఇస్తూ ఒక్క మాట చెప్పింది.

“బస్సులో మాత్రం రాడ్డు పట్టుకోండమ్మా. దయచేసి.”

ఎస్తేరమ్మ డ్యూటీలో చేరిన రోజు ఉదయం కొమరయ్య కొట్టు తెరవలేదు. ఎల్బీ నగర్ బస్టాపుకు పోయి, వచ్చిన బస్సులో వెనక తలుపు నుంచి ఎక్కాడు. జనం కిక్కిరిసి ఉన్నారు. కండక్టరు సీటులో ఎవరిదో కాలేజీ బ్యాగు, దాని మీద ఇంకెవరిదో చంటిపిల్ల. ఎస్తేరమ్మ నిలబడి ఉంది. ఎడమ చెయ్యి పైన రాడ్డు మీద, పాదాలు రెండూ నేలమీద.

ఆమె అతన్ని చూసింది. చూడనట్టే అందరికీ టికెట్లు కొట్టుకుంటూ వచ్చి, అతని ముందు ఆగింది. రాడ్డు వదిలి, రెండు చేతులా మిషన్ పట్టుకుంది.

“మలక్‌పేట ఒకటి,” అన్నాడు కొమరయ్య.

“ఏం పనయ్యా అక్కడ?”

కొమరయ్య కిందికి, ఆమె పాదాలవైపు చూశాడు. బస్సు కొత్తపేట దగ్గర బ్రేకు వేసింది. అందరూ ముందుకు తూలారు. ఆమె తూలలేదు.

“ఏం లే,” అన్నాడు.

“ఫ్రీ ఆడోళ్ళకే, మొగుళ్ళకు కాదు,” అని ఎస్తేరమ్మ టికెట్ కొట్టి అతని చేతిలో పెట్టింది. “ముంగటికి జరుగు. ముంగట ఖాళీ ఉన్నది.”

అతను జరిగాడు.